మా రూటర్ మెరుగుపడింది

ప్రతి ఇంట్లో రూటర్ వారానికి ఒక్కసారైనా చెడిపోవాలి. దానంతట అది చెడిపోకపోతే చెడగొట్టే బాధ్యతను ప్రభుత్వమే తీసుకోవాలి! ఈ మాట నేను కోపంతో అనడం లేదు. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నిండు మనసుతో అంటున్నాను.

నవ్వకండి. మీ ఇంట్లో నెట్ వస్తోంది గనక మీకు నవ్వొస్తోంది.

గోదావరిఖనిలో మేముండే క్వార్టర్‌కు పోయిన గురువారం ఆ భాగ్యం పట్టింది. లేచి చూసేసరికి నా ఫోనులో ఒక మెసేజ్. 'మీ మెరుగైన అనుభవం కోసం మీ రూటర్ ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేశాము' అని. ఫర్మ్‌వేర్ అంటే ఏమిట్రా అని మా అబ్బాయి ప్రశాంత్‌ను అడిగితే, రూటర్ లోపల ఉండి దాన్ని నడిపించే బుద్ధి అన్నాడు. అంటే మేము గుర్రుపెట్టి నిద్రపోతుంటే, ఎవరో పుణ్యాత్ములు మా డబ్బాకు బుద్ధి మార్చి వెళ్ళారన్నమాట! కన్నతండ్రినై ఉండి నా కొడుకు విషయంలో ఇన్నేళ్ళలో నేను ఆ పని చేయలేకపోయాను.

వెళ్ళి చూద్దును కదా, గోడమీది డబ్బాలో పచ్చ లైటు పోయి ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. వైఫై ఉంది. ఫోనులో గీతలు కూడా నిండుగా ఉన్నాయి. నెట్ మాత్రం లేదు. పెళ్ళికి పిలిచి, పందిట్లో కూర్చోబెట్టి, విస్తరి వేసి, నీళ్ళు చల్లి, అన్నం వడ్డించకుండా వెళ్ళిపోయినట్టు.

నేను గని ల్యాంప్ రూములో ఉద్యోగం చేసి రిటైరయిన వాణ్ణి. కిందికి దిగే ప్రతి కార్మికుడి నెత్తి మీది దీపమూ నా చేతి మీదుగా పోయిందే. కాబట్టి లైట్ల విషయంలో ఈ ఒక్కడి మాట నమ్మండి. పచ్చ లైటు మనిషిని సోమరిని చేస్తుంది. ఎర్ర లైటు మనిషిని మళ్ళీ మనిషిని చేస్తుంది!

మా ఇంటి దాంపత్యమే తీసుకోండి. నేనూ మా ఆవిడ సారలమ్మా ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూర్చుంటున్నాం. ఆమె సీరియల్ ఆమెది, నా వార్తలు నావి. ఆ గురువారం రెండూ ఆగిపోయేసరికి వేరే దారి లేక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె నా వంక ఎగాదిగా చూసింది.

"నీ ముందటి పన్ను ఎప్పుడు ఊడిందయ్యా?" అంది.

పోయిన బతుకమ్మ పండక్కే ఊడిందన్నాను. అక్కణ్ణుంచి మాట మాట పెరిగింది. మా పెళ్ళిలో మా పెద్దమ్మ అలిగిన సంగతి, మా తమ్ముడు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వని ఇత్తడి బిందె సంగతి, అన్నీ వరసగా పైకి తేలాయి. అన్నం ఉడికేలోపు అరవై తగాదాలు పూర్తయ్యాయి. అంత పాత ఫైళ్ళను అంత వేగంగా తెరిచే నెట్‌వర్క్ ఈ దేశంలో ఏదైనా ఉందా?

ఇక ఆరోగ్యం సంగతి. దవాఖానలో డాక్టరు నన్ను నడవమని చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాటలకు ఇబ్బంది లేదు గానీ, మా ఇంట్లో ఫోనుకు నెట్ దొరికేది డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే. అది కూడా ఒకచోట నిలకడగా ఉండదు. ఫోను పట్టిన చెయ్యి ఆకాశానికెత్తి ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు చేయాల్సిందే. షుగరు దిగింది, భుజం నొప్పి తగ్గింది. ఎదురింటి వాళ్ళు నేనేదో కొత్త మొక్కు మొక్కుకున్నాననుకుని కిందినుంచే దండం పెట్టారు.

భక్తికీ లోటు రాలేదు. రూటర్‌కు దిష్టి తగిలిందని సారలమ్మ తేల్చింది. "వచ్చినోళ్ళందరు దాని దిక్కే చూసిరి" అంటూ ఒక నిమ్మకాయా నాలుగు పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి యాంటెన్నాకు వేలాడదీసింది. లైటు మారలేదు. కానీ కంపెనీ వాళ్ళు చేసిన ఉపాయాలన్నిటికంటే ఇదే నయం. దీనివల్ల కనీసం కొత్త నష్టం జరగలేదు.

కంపెనీ ఉపాయాలంటే గుర్తొచ్చింది. కస్టమర్ కేర్‌కు ఫోను చేయని జన్మ జన్మే కాదు! తెలుగు కోసం రెండు నొక్కమన్నారు, నొక్కాను. తెలుగు రాలేదు, పాట వచ్చింది. మాటలు లేని పాట. ఎంతసేపు విన్నానంటే, పక్కన బెండకాయలు తరుగుతున్న సారలమ్మ అదే రాగం తీయడం మొదలుపెట్టింది. చివరికి ఒక మహానుభావుడు లైనులోకి వచ్చి, స్విచ్ ఆపి, కాసేపాగి, మళ్ళీ వేయమన్నాడు. పుట్టుక, చావు, మళ్ళీ పుట్టుక! పెద్దలు గంటలకొద్దీ చెప్పే వేదాంతాన్ని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

వేశాను. ఎర్ర లైటే.

రెండోసారి చేస్తే ఇంకో మహానుభావుడు. డబ్బా వెనక చిన్న చిల్లు ఉంటుంది, అందులో పిన్నీసు గుచ్చి పట్టుకోమన్నాడు. సారలమ్మ చీరకున్న పిన్నీసు తీసి గుచ్చాను. దాంతో రూటర్‌కు పూర్వజన్మ జ్ఞాపకాలన్నీ పోయాయి. దాని పేరు అది మర్చిపోయింది, మేము పెట్టుకున్న పాస్‌వర్డూ మర్చిపోయింది. అసలు పాస్‌వర్డ్ డబ్బా అడుగున రాసి ఉందట. ఉంది, చీమ కాలు సిరాలో ముంచి నడిచినంత లావున! గోడకున్న డబ్బా కింద నేల మీద వెల్లకిలా పడుకుని, భూతద్దం పెట్టి చదివాను. ఆ ఆసనానికి ఇంకా పేరు పెట్టలేదు.

నేనలా పడుకుని ఉండగానే ఫోనుకు మెసేజ్ వచ్చింది. 'మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' మనకు సమస్య ఉందో లేదో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. మనదేముంది, కళ్ళతో చూసేవాళ్ళం!

ఇన్ని లాభాలు కళ్ళెదుట కనబడుతున్నా ఇంట్లో ఒక్క మనిషి మాత్రం నాతో ఏకీభవించలేదు. మా కోడలు యమున.

యమున హైదరాబాదులోని ఒక కంపెనీకి మెడికల్ కోడింగ్ పని చేస్తుంది. ఎక్కడో ఒక రోగికి ఏ జబ్బు చేసింది, ఏ వైద్యం జరిగింది, ఆ లెక్కకు ఏ గుర్తు వేయాలి అన్నది మా వెనకగదిలో కూర్చుని తేలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో హైదరాబాదు హాస్టల్లో ఉండి వచ్చిపోతూ చేసేది. పాప పుట్టాక ఎంతో బతిమాలితే ఇంటినుంచి చేసుకొమ్మని ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే, లైను పోకూడదు. పోయింది కదా! ఆఫీసువాళ్ళు మర్యాదగానే చెప్పారు. సోమవారం రోజంతా లైనులో ఉంటే సరి, లేకపోతే మంగళవారం ఆఫీసులో ఉండాలి, ఇక ఇంటినుంచి పని మాట ఎత్తకూడదు.

ఫోను నెట్‌తో చేసుకోవచ్చు కదా అంటారు మీరు. రోగుల వివరాలు బయటికి పొక్కుతాయని ఆ ఆఫీసు ఫోను నెట్‌ను గడప తొక్కనివ్వదు. ప్రశాంత్ కూడా హైదరాబాదు వెళ్ళిపోవచ్చు కదా అంటారు. వాడిది అండర్‌గ్రౌండ్ డ్యూటీ. బొగ్గును ఇంటినుంచి తవ్వే సదుపాయం ఇంకా రాలేదు. పాప ఇంకా తల్లి పక్కన పడుకుంటేగానీ నిద్రపోదు.

"మామా, నీకు నవ్వులాటగున్నది. నాకు సోమవారం కనవడుతున్నది" అంది యమున.

ఎంతటి తత్వవేత్తయినా కొన్నిచోట్ల పనిలోకి దిగాల్సిందే.

శుక్రవారం సాయంత్రం సారలమ్మ వాళ్ళన్న రాజం బావను పిలిపించాం. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. బావ వచ్చీ రాగానే రూటర్ ముఖం కూడా చూడకుండా స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళాడు. దానికి కరెంటు ఆపాడు. సంచిలోంచి ఒక ఎర్ర రేకు ముక్క తీసి స్విచ్‌కు తగిలించాడు. 'మనుషులు పని చేయుచున్నారు. స్విచ్ వేయరాదు.' కింద పేరు, రాజం.

గని పద్ధతి తెలియని వాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. యంత్రం మీద చెయ్యి పెట్టేవాడు ముందు కరెంటు ఆపి, స్విచ్‌కు తన పేరున్న ట్యాగ్ తగిలిస్తాడు. పని అయ్యాక ఆ తగిలించినవాడే వచ్చి, తన చేత్తోనే తీయాలి. ఇంకొకరు తీయకూడదు, ఆ యంత్రానికి వేరే దారిలో కరెంటు ఇవ్వకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఎందుకంటే ఆ తీగకు అవతలి కొసన, చీకట్లో, మన కంటికి కనబడని చోట ఒక మనిషి చెయ్యి ఉండొచ్చు. మా దగ్గర పుట్టిన పిల్లలకు ఓనమాల కంటే ముందు ఇది వస్తుంది. మేమేమీ దేవుళ్ళం కాదు. పక్కింటివాడి ప్రహరీ మన వైపు జరిగిందని కోర్టుకెక్కుతాం, అన్నదమ్ముల గట్టును రాత్రికి రాత్రి జరుపుతాం. ట్యాగ్ మాత్రం ముట్టం.

బావ డబ్బా మూత విప్పాడు. లోపలికి చూశాడు. ఒకసారి ఊదాడు. "కరెంటు మంచిగనే ఉన్నది, దీని తెలివే ఖరాబైంది" అన్నాడు. ఇంతలో బెల్లంపల్లి నుంచి ఆయన తోడల్లుడు ఫోను చేశాడు. మనవడి పుట్టువెంట్రుకలు, యాటను కోస్తున్నాం, జల్ది రమ్మని. యాట పేరు వింటే బావకు ఇంకే పేరూ గుర్తుండదు. వెళ్ళిపోయాడు. ట్యాగ్ స్విచ్‌కే ఉండిపోయింది.

శనివారం నేనే ఫోను చేసి, ట్యాగ్ తీసేయమంటావా బావా అని అడిగాను.

"ఫోన్ల చెప్తే ఎట్ల తీస్తవ్?" అని కేకలేశాడు. "గొంతు నాదే. చెయ్యి ఏడున్నదో నీకు కనవడుతున్నదా? నేనొచ్చేదాక ఎవ్వరు ముట్టద్దు."

ఆ చెయ్యి అప్పుడు ఎక్కడుందో వెనకనుంచి వినిపిస్తున్న గిన్నెల చప్పుడే చెబుతోంది. అయినా రూలు రూలే. ఇంట్లో ముగ్గురం గని తిండి తిన్నవాళ్ళం. ఎవరం స్విచ్ వైపు వెళ్ళలేదు. సారలమ్మ ఆ బోర్డు మీద దుమ్ము తుడవడం కూడా మానేసింది.

ఆదివారం మధ్యాహ్నం యేసుకుమార్ వచ్చాడు. మా వాడకు నెట్ లైన్లు చూసేది అతనే. నాతోపాటు గనిలో చేసిన తోమాసు కొడుకు. యమున పొద్దుటినుంచి ఫోన్లు చేస్తుంటే పాపం, చర్చి నుంచి ఇస్త్రీ చొక్కాతోనే నేరుగా వచ్చాడు. అప్‌డేట్ బెడిసికొట్టిన మాట నిజమేనట. దానికి విరుగుడు కూడా కంపెనీ పంపిందట. రూటర్‌కు కరెంటు ఉంటే చాలు, చాయ్ తాగేలోపు పని అయిపోతుందట. యమున ముఖం ఒక్కసారిగా విప్పారింది.

యేసుకుమార్ స్విచ్ మీదికి చెయ్యి చాపాడు. ట్యాగ్ చూశాడు. కాలిన పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కాకా, గిది ఎవరిది?"

"మా రాజం బావది."

"ఏడ ఉన్నడు?"

"బెల్లంపల్లిల."

"అయితే నేను ముట్ట. మా బాపుకు తెలిస్తే ఇంట్లకు రానియ్యడు."

యమునకు ఓపిక నశించింది. "అన్నా, గిది గని కాదే, రూటర్! మామ ఈన్నే ఉన్నడు, అత్త ఈన్నే ఉన్నది. గా పెద్దమనిషి బెల్లంపల్లిల బోటికూర తింటున్నడు. గా తీగెకు అవుతల ఎవ్వరి చెయ్యి ఉన్నదే?"

"నిజమే అక్కా" అన్నాడు యేసుకుమార్ తల వంచుకుని. "గానీ, ట్యాగ్ ఉన్నది గద."

"నువ్వు తియ్యకుంటే నేను తీస్త!"

విసవిసా వెళ్ళింది. ట్యాగ్ కొస పట్టుకుంది. ఒక్క లాగు లాగితే సోమవారం దక్కుతుంది, పాప దక్కుతుంది. యమున తండ్రి కూడా గని మనిషే. చిన్నప్పుడు ఆయన డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే తల్లితోపాటు గుమ్మంలో నిలబడి చూసిన పిల్ల. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ట్యాగ్ వదిలేసి కుర్చీలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను. యేసుకుమార్ కూడా ఇంటికి పోకుండా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకు రాజం బావ బస్సు దిగాడు. జరిగింది విని ఒక్కరినీ కోప్పడలేదు. "శభాష్ బిడ్డా" అని యమున తల నిమిరాడు. తర్వాత డబ్బా మూత బిగించి, అందరినీ దూరం జరగమని, "ఎవ్వరు లేరు గద?" అని గట్టిగా రెండుసార్లు అడిగి, తన చేత్తో ట్యాగ్ తీసి, స్విచ్ వేశాడు. నలుగురున్న హాల్లో, అరచెయ్యంత డబ్బాకు! యేసుకుమార్ విరుగుడు ఎక్కించాడు. ఎర్ర లైటు, తర్వాత పసుపు, తర్వాత పచ్చ. మా ఇంట్లో ఆ పూట పండగే. సారలమ్మ నిమ్మకాయ మహిమ అంది. పుణ్యం ఎవరి ఖాతాలో పడితేనేం?

సోమవారం యమున అందరికంటే ముందే లేచి, తలస్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. లైనులోకి వెళ్ళింది. పని మొదలైంది. నేను వెనకగది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పాపను లోపలికి పోనివ్వకుండా కాపలా కాశాను. పొద్దెక్కుతుండగా నా ఫోను మోగింది. మెసేజ్.

'మీ మెరుగైన అనుభవం కోసం...'

తల ఎత్తి చూశాను. ఎర్ర లైటు. విరుగుడుకు విరుగుడు పంపారట!

చూడండి, నేను ఇప్పటికీ నా మాట మార్చుకోను. రూటర్ చెడిపోవడం మంచిదే, లాభాలు మీకు చెప్పాను. నాకున్నది ఒక్క చిన్న సందేహం. అవతల ఎవరి చెయ్యీ లేదని కళ్ళారా చూస్తూ కూడా యేసుకుమార్ ఆ స్విచ్ ముట్టలేదు. బతుకు పోతుందని తెలిసి కూడా మా కోడలు ముట్టలేదు. మరి ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని మా డబ్బా మీట నొక్కిన పెద్దమనిషి, నొక్కేముందు ఒక్కసారి, ఊరికే మాటవరసకైనా, అవతల ఎవరైనా పని చేస్తున్నారా అని అడిగాడా?

చేస్తోందయ్యా. మా వెనకగదిలో ఒక ఆడపిల్ల పని చేస్తోంది!

మధ్యాహ్నానికి మళ్ళీ పచ్చ లైటు వచ్చింది. ఈసారి నెట్ గుర్రంలా పరుగెత్తుతోంది. కానీ యమున ఆఫీసువాళ్ళు మాట మీద నిలబడే మనుషులు. మంగళవారం వచ్చేయమన్నారు. ఆమె బట్టలు సర్దుకుంటోంది. సర్దిన బట్టల మీద పాప ఎక్కి కూర్చుంది, దిగనంటోంది.

సరిగ్గా అప్పుడే కస్టమర్ కేర్ నుంచి ఫోను. ఈసారి ఒక అమ్మాయి. "నమస్కారం సార్. ప్రస్తుతం మీ ఇంటర్నెట్ అనుభవం ఎలా ఉంది?"

గురువారం నుంచి కూడబెట్టుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. రామగుండం నుంచి మంచిర్యాల దాకా వాడుకలో ఉన్న తిట్లలో ఒక్కటీ మిగల్చకూడదనుకున్నాను. మొదలుపెట్టాను కూడా. "ఏంది బిడ్డా మీరు చేసే పని, గిట్లనేనా..." అన్నానో లేదో అవతల గొంతు మారిపోయింది.

"మీది ఖనియేనా కాకా?" అంది మెల్లగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "మాది మంచిర్యాల దిక్కు జైపూర్."

తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. "మరి ఏడ ఉంటున్నవ్ బిడ్డా?" అన్నాను.

"హైదరాబాద్‌ల, హాస్టల్ల. మా ఆఫీసుల గూడ ఇంటి నుంచి చేసుడు బంద్ పెట్టిన్రు కాకా." అంతలోనే ఎవరో వెనక నిలబడినట్టున్నారు, గొంతు సవరించుకుంది. "మీకు ఇంకా ఏమైనా సహాయం చేయగలనా సార్?"

"ఒక్కటి చెయ్యాలె బిడ్డా" అన్నాను. "మీ హాస్టల్ల ఒక మంచం ఖాళీ ఉన్నదా?"